మేడ కిటికీ కింద ఊదిన పాట

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ఎవరి గదుల్లోకి వాళ్లు పోతారు. నేను ముందుగదిలో టీవీ ఎదురుగా కూర్చుంటాను. నిద్ర పట్టదు, మెలకువగా ఉండాలనీ ఉండదు. ఈ వయసులో మధ్యాహ్నాలు చాలా పొడుగు. ఆ మధ్య ఒకరోజు మా మనవరాలు టీవీలో ఏదో వెతుకుతూ ఒక పాత కచేరీ దగ్గర ఆగింది. తెలుపు నలుపు బొమ్మ. ఎవరో పరదేశి, చేతిలో ట్రంపెట్. వెనక ఉన్న వాద్యగాళ్లంతా తమ వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఒక్కడే ముందుకొచ్చి నిలబడి ఊదుతున్నాడు.

"దాన్ని అట్నే ఉండనియ్ మే," అన్నాను.

అప్పటినుంచీ అదొక అలవాటయిపోయింది. ఆయన పేరు చాలాసార్లు చెప్పింది గానీ నాకు నోరు తిరగదు. ఆయన వయసులో ఉన్నప్పటి కచేరీలున్నాయి, జుట్టు నెరిశాక చేసినవీ ఉన్నాయి. అన్నీ చూశాను. ఇంత పెద్ద విద్వాంసుడు కదా, ఊదేటప్పుడు ఎక్కడా హడావిడి పడడు. పెద్ద స్వరం పట్టేముందు క్షణం ఆగుతాడు. పెదవులు లోపలికి తీసుకుని తడి చేసుకుంటాడు. మెడ నరాలు లేస్తాయి. అప్పుడొస్తుంది ఆ స్వరం, పదునుగా కాదు, గుండ్రంగా. ముసలితనంలో చేసిన కచేరీల్లో అంత పైకి పోడు. పోలేక కాదు, పోనక్కర్లేక అన్నట్టు పక్కనుంచి తిరిగి వచ్చేస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"ఆ పాట నీకు అర్థమవుతుందా అవ్వా?" అని మనవరాలు అడిగింది.

"పాట నాకేం తెలుసు తల్లీ. ఊదే మనిషిని ఎరుగుదును," అన్నాను.

అదేమిటని అడుగుతుందేమో అనుకున్నాను. ఈలోగా ఫోను మోగింది, లేచి వెళ్లిపోయింది. పోనీలే, చెప్పాలంటే ఓపికా ఉండాలి గదా. ఆ పరదేశి ఊదినదంతా ఎవరో పట్టి దాచారు. ఏ దేశంలో ఏ ముసలిదైనా మధ్యాహ్నం పూట కూర్చుని చూసుకోవచ్చు. మా నాయన ఊదింది ఎక్కడా లేదు. విన్నవాళ్లలో మిగిలిందెవరా అని లెక్కేసుకుంటే నేనూ, మతిమరుపొచ్చిన మా చెల్లెలూ కనిపిస్తున్నాం.

*

మా ఊరు తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉండేది. ఊరు ఒకవైపు, మా వాళ్లుండే పాళెం ఒకవైపు, మధ్యలో కాలువ. కాలువ గట్టు మీద మా గుడి. సున్నం కొట్టిన గోడలు, పెంకుల కప్పు, పైన చెక్క సిలువ. కాలువకు అటు పొలాలు, ఇటు ఇసుక, ఆపైన సరుగుడు తోపులు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేసరికి ఎండుచేపల వాసన, పచ్చివరి వాసన కలిసి వచ్చేవి. ఆ రెండూ కలిసిన వాసన నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు.

మా నాయన దర్జీ. ఇంటిముందు తాటాకు పంచలో మిషను. పాళెంలో వాళ్లకీ, ఊళ్లో వాళ్లకీ ఆయనే కుట్టేవాడు. కానీ ఎవరూ ఆయన్ని దర్జీ అనలేదు. బూరాయన అనేవాళ్లు. చిన్నతనంలో నెల్లూరు మిషన్ బడి హాస్టల్లో చదువుకుంటున్నప్పుడు అక్కడి తెల్లదొర ఆయనకు ట్రంపెట్ నేర్పాడట. దొర తన దేశం వెళ్లిపోతూ ఆ ట్రంపెట్‌ని మా ఊరి గుడికిచ్చి, "ఈ అబ్బాయి ఊదుతాడు," అని చెప్పి పోయాడు. అంటే వస్తువు గుడిది, ఊపిరి మా నాయనది. ఉండటం మాత్రం మా ఇంట్లోనే ఉండేది, నల్ల పెట్టెలో, మాసిపోయిన ఎర్ర మఖమల్ గుడ్డ మీద.

శనివారం సాయంత్రం దాన్ని బయటికి తీసేవాడు. నేనూ చెల్లెలూ అటొకరం ఇటొకరం చేరేవాళ్లం. నానేసిన చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, కుట్టి మిగిలిన మల్లుగుడ్డతో మెరుగు పెట్టేవాళ్లం. దాని మీటలకు మిషను నూనె చుక్కలు వేసేవాడు. ఆ పని చేసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా ఇత్తడి వాసన పోయేది కాదు. అదే చేత్తో బువ్వ తింటే బువ్వ కూడా ఇత్తడి వాసనే.

ఆదివారం గుళ్లో ఊదేవాడు. పెళ్లిళ్ల నెలలొస్తే నెల్లూరు బ్యాండు మేళంవాళ్లు కబురు పెట్టేవాళ్లు. అప్పుడు మిషనుకు గుడ్డ కప్పేసి, భుజాల మీద జరీ తాడు వేలాడే ఎర్రకోటు తొడుక్కుని వెళ్లేవాడు. ఇటు వెంకటాచలం, అటు పెన్న దాటి కోవూరు, ఎక్కడ పెళ్లయితే అక్కడికి. పెళ్లివారు మేళంవాళ్లకు పందిరి వెనకాల వేరుగా ఆకులు వేసి వడ్డించేవాళ్లు. తన ఆకులోని తీపి నాయన ఎప్పుడూ తినేవాడు కాదు, రుమాల్లో కట్టి మాకు తెచ్చేవాడు. "బూర ఊదితే బూరెలొస్తాయి," అని పాడుకుంటూ మా చెల్లెలు వీధంతా తిరిగేది.

ఊదటానికి ముందు ఆయన అన్నం ముట్టేవాడు కాదు. ఇంటికొచ్చాకే కడుపునిండా తినేవాడు. మా అమ్మ ముందురోజు సాయంత్రమే చేపలపులుసు కాచి, పుల్లమామిడికాయ ముక్కలేసి, కుండ దించి మూత పెట్టేది. పులుసు మర్నాటికి గానీ కుదురుకోదని ఆమె శాస్త్రం. నాయన వచ్చి కూర్చుని మొదటి ముద్ద పెట్టుకోగానే పెదవులకు కారం తగిలి "స్స్" అనేవాడు. రాత్రంతా ఊదిన పెదవులు కదా, ఎర్రగా ఉబ్బి ఉండేవి.

ఒకసారి మా ఊళ్లోనే పెళ్లి. మేళంవాళ్లు పందిరి కింద కూర్చుని ఊదుతున్నారు. పుల్లటిది తింటే చూసేవాళ్లకు నోట్లో నీళ్లూరతాయనీ, నీళ్లూరితే ఊదలేరనీ ఎవరో పెద్దపిల్లలు చెప్పారు. నేనూ చెల్లెలూ ఒళ్లో పచ్చి చింతకాయలేసుకుని సరిగ్గా క్లారినెట్ ఆయనకు ఎదురుగా కూర్చున్నాం. ఉప్పు అద్దుకుని కొరికి, కళ్లు చికిలించి, లొట్టలేస్తూ తిన్నాం. ఆయన పాపం మింగుతాడు, ఊదుతాడు, మళ్లీ మింగుతాడు. చివరికి క్లారినెట్ కీచుమంది. పందిట్లో అందరూ నవ్వారు. మా నాయన బూర చాటునుంచి ఓరకంట మమ్మల్ని చూశాడు.

మర్నాడు నన్ను మిషను దగ్గర కూర్చోబెట్టి బూర నా చేతికిచ్చాడు. "ఊదు మే," అన్నాడు. అంతకుముందు ఎన్నిసార్లు బతిమాలినా ఇవ్వనివాడు. నేను సంబరంగా మూతి దగ్గర పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని పచ్చిమామిడికాయ కోసి, ఉప్పూ కారం చల్లి, ఒక్కొక్క ముక్కా నింపాదిగా తినటం మొదలుపెట్టాడు. నా నోరంతా నీళ్లే. బూరలోంచి గాలి కూడా రాలేదు. మా అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "తెలిసిందా?" అని నాయన మిగిలిన ముక్కలు నా చేతిలో పెట్టి లేచి పోయాడు.

*

ఊళ్లో అందరికంటే పెద్ద ఇల్లు మేడిల్లు. మొలగొలుకుల వడ్లు పండే భూములన్నీ వాళ్లవే. ఆ ఇంటి పెద్దామెను మేము మేడింటి అవ్వ అనేవాళ్లం. వయసులో ఉండగానే మొగుడు పోయాడట. తెల్లచీరె, బోసి మెడ. ఇంట్లో కొడుకులూ కోడళ్లూ ఆమె మాట జవదాటరు గానీ పెళ్లనేసరికి ఆమె మేడెక్కిపోయేది. శుభకార్యంలో ఎదురుపడకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరేగింపు ఇంటిముందు నుంచి పోతుంటే పైన కిటికీ ఊచల వెనక తెల్లగా కనిపించేది, అంతే.

నాయన కుట్టిన దిండు గలీబులూ, పిల్లల గౌన్లూ ఇచ్చిరావటానికి ఆ ఇంటికి పోయినప్పుడు నేను కూడా వెళ్లేదాన్ని. మేము వాకిట్లో నిలబడేవాళ్లం, అవ్వ అరుగు మీద కూర్చునేది. ఒకరోజు బట్టలు చూసి పక్కన పెట్టి అడిగింది.

"ఒరే అబ్బయ్యా, ఆదివారం సాయంత్రం మీ గుళ్లో ఒక పాట పాడతారే. నిదానంగా పోతాది, చివర్లో కిందికి దిగిపోతాది. గాలి ఇటు తిరిగినప్పుడు నాకు వినపడతాది. దాన్ని నీ బూరలో ఊదగలవా?"

"అది మా దేవుడి పాటమ్మా. చావుకి కూడా అదే పాడతాం."

"ఏ దేవుడిదైతే నాకేంరా. దాంట్లో ఏడుపుండాది, కానీ ఏడవమనదు. ఈసారి మా మనవడి పెళ్లికి ఊరేగింపు నా కిటికీ కిందికొచ్చినప్పుడు ఊదు."

పెళ్లి ఊరేగింపులో ఆ పాటా అని నాకు నవ్వొచ్చింది. నాయన నవ్వలేదు. ఆ మనవడి పెళ్లిలో, బ్యాండు మంచి ఊపు మీద సినిమా పాటలు వాయిస్తూ మేడింటి ముందుకు రాగానే నాయన చెయ్యి పైకెత్తాడు. డ్రమ్ములు ఆగాయి. క్లారినెట్ ఆగింది. ఆయన ఒక్కడే నాలుగడుగులు ముందుకొచ్చి కిటికీ కింద నిలబడి, తలెత్తి, పెదవులు లోపలికి తీసుకుని తడిచేసుకుని ఊదాడు. పెట్రోమాక్సు దీపాల కింద ఆ ఎర్రకోటు, ఆ బూర. పెళ్లివారు అదేదో ఇంగ్లీషు పాట అనుకుని తలలూపారు. పాళెం పిల్లలం మేము మాత్రం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పైన కిటికీలో తెల్లచీరె కదల్లేదు.

ఇంటికి వస్తూ, "గుళ్లో చెప్పబాకండి," అన్నాడు నాయన, నాతోనూ చెల్లెలితోనూ.

తర్వాత అదొక ఆచారమయింది. ఆ ఊళ్లో ఎవరి పెళ్లయినా ఊరేగింపు మేడింటి ముందు ఆగేది, నాయన ఒక్కడే ఊదేవాడు. అవ్వ ఒకసారి అరుగు మీదనుంచి, "నేను పోయిననాడు కూడా నువ్వే ఊదాలరా," అంది. "అట్టాంటి మాటలెందుకమ్మా," అన్నాడు నాయన. "ఎందుకేంది, నేనేమన్నా ఉండిపోతానా? ఊదుతానని చెప్పు," అని పట్టుబట్టింది. "అట్నేమ్మా, ఊదుతా," అన్నాడు.

*

ఆ రోజుల్లోనే మా గుడికి కొత్త అయ్యగారొచ్చారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే అనేవాళ్లం. వయసులో చిన్నవారు, గుంటూరు వైపు మనిషి. చెడ్డవారని నేను చెప్పలేను. నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆయనే. పాళెంలో విషజ్వరాలొస్తే ఇంటింటికీ తిరిగి గంజి పోయించింది ఆయనే. కానీ కొన్ని విషయాల్లో గోడలాంటి మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక పెద్దల్ని కూర్చోబెట్టి నాయన్ని పిలిచారు.

"అన్నా, ఆ ట్రంపెట్ దేవుడికిచ్చిన వస్తువు. ఉదయం దాంతో ఇక్కడ స్తుతించి, సాయంత్రం విగ్రహాల ముందు, సినిమా పాటలకు వాడుతున్నారు. ప్రభువు బల్ల మీది గిన్నెను ఇంటికి తీసుకుపోయి సంగటి తింటామా? అలాంటిదే ఇది."

పెద్దలు తలలు దించుకున్నారు. పాళెంలో సగంమంది పెళ్లిళ్లకు ఆ బూర వినటానికే పోయేవాళ్లు, అయినా ఎవరూ నోరు తెరవలేదు. నాయన ఇంటికొచ్చి పెట్టె తీసుకెళ్లి అయ్యగారికి అప్పగించాడు. ఆయన దాన్ని గుడి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం పూట మాత్రం తీసిచ్చేవారు. నాయన నాలుగు వారాలు ఊదాడేమో. తర్వాత, "పెదవి బాగలేదయ్యగారూ," అని మానేశాడు.

మా అమ్మ ఊరుకోలేదు. "కిటికీ కింద ఊదేది మన పాటే గదా. ఆ మాటొకటి చెప్పలేకపోతివా?"

"అదొక్కటే మనది. మిగతావన్నీ సినిమావే గదా," అన్నాడు నాయన మిషను తొక్కుతూ. "ఒక్కదాన్ని చూపించి తప్పించుకోమంటావా?"

ఆ ఏడు పెళ్లిళ్ల నెలలొచ్చాయి, పోయాయి. మేళంవాళ్లు వేరే ఊదేవాణ్ణి పెట్టుకున్నారు. వాళ్లు మా ఊరు వచ్చిన రోజున నాయన మిషను శబ్దం పెంచి తొక్కేవాడు. ఒక్కోసారి చేతిలో గుడ్డ ఆపి, పెదవులు బిగించి, బుర్రుమని శబ్దం చేసేవాడు. వాడకపోతే పెదవి వదులైపోతుందట, అందుకని. మేమిద్దరం దాన్ని వెక్కిరిస్తూ బుర్రుబుర్రుమంటూ తిరిగేవాళ్లం. అమ్మ ఒకరోజు ఇద్దరి వీపులూ మోగించింది. ఎందుకు కొట్టిందో అప్పుడు తెలియలేదు.

*

రోహిణి ఎండల్లో మేడింటి అవ్వ పోయింది. పొద్దున్నే తెలిసింది. కాసేపటికి ఆమె పెద్దకొడుకు మా పాళెంలోకి వచ్చాడు. ఆయన కాలువ దాటి మా వైపు రావటం ఎవరూ ఎరగరు. మొలకు తడిపంచె, చెప్పుల్లేని కాళ్లు. మిషను ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ "ఏరా" అనేవాడు ఆ రోజు అనలేదు.

"అమ్మ నిన్న కూడా నీ మాటే చెప్పింది. డప్పులొద్దు, శంఖం వద్దు, బూరాయన ఊదితే చాలన్నది. వస్తావా?"

నాయన లేచి నిలబడ్డాడు. "బూర నా దగ్గర లేదయ్యా. గుళ్లో ఉండాది. అడిగొస్తా."

నేను వెనకాలే పరుగెత్తాను. అయ్యగారు ఇంటి పంచలో కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. నాయన సంగతంతా చెప్పాడు.

అయ్యగారు పుస్తకం మూశారు. "ఈరోజు చావుకిస్తే రేపు పెళ్లికి ఎందుకివ్వరని అందరూ అడుగుతారు. పెద్దల ముందు చెప్పిన మాటను నేనెలా తప్పమంటారు?"

"మీరు తప్పొద్దు అయ్యగారూ. నేనూ ఆమెకి మాటిచ్చినా. దానికేం చేసేది?"

ఆయన లేచారు. లోపలికెళ్లి తాళంచెవి తెచ్చారు. "ట్రంపెట్ ఆపను. తీసుకోండి. కానీ తీసుకుంటే మీకు సంఘంలో బల్ల ఉండదు. ఆలోచించుకోండి అన్నా."

బల్ల అంటే మాకు ప్రభువు భోజనం. నెలకొకసారి చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. అది లేదంటే మనిషి గుళ్లో ఉన్నా లేనట్టే. ఆ ఆదివారం కోసం నాయన ముందురోజునుంచీ ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. అంత భయభక్తులు. తాళంచెవి వైపు చూస్తూ ఉండిపోయాడు. మెడ మీద చెమట కారుతోంది. నాకెందుకో, వద్దంటాడనిపించింది.

"ఇప్పించండయ్యా," అన్నాడు.

పెట్టె తెరిచేసరికి బూర నల్లబడి ఉంది. తోమటానికి వ్యవధి లేదు. పంచె కొంగుతో ఒకసారి తుడిచాడు. ఒక మీట బిగుసుకుపోతే ఉమ్మి తడిచేసి కదిలించాడు. ఎర్రకోటు కూడా వేసుకోలేదు.

పాడె మేడింటి ముందు లేచింది. నాయన దాని ముందు నిలబడి అలవాటుగా తలెత్తి కిటికీ వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. తలదించి ఊదాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారీ అంతే. జనంలో ఎవరో గుసగుసలాడారు. నాయన బూర దించి, కళ్లు మూసుకుని, ఎందుకో ఆగాడు. మళ్లీ ఎత్తాడు. అప్పుడొచ్చింది.

ఊరి వీధి దాటి, కాలువ గట్టెక్కి, ఇసుకలో శ్మశానం దాకా ఆ పాట ఒక్కటే. అయిపోగానే మళ్లీ మొదలు. ఇసుక కాలుతోంది. మేము నీడ దొరికిన చోటల్లా ఆగుతూ గట్టు కింద నడుస్తున్నాం. నాయన ఎక్కడా ఆగలేదు. ఇన్ని నెలల తర్వాత ఊదిన పెదవి కదా, చిట్లిపోయింది. గడ్డం మీదికి సన్నగా రక్తం దిగింది. దాన్ని తుడుచుకోవటానికి కూడా బూర దించలేదు. గుడి ముందునుంచి పోతుంటే అయ్యగారు బయటికొచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. ఏ పాటో ఆయనకు మొదటి వరసలోనే తెలిసి ఉండాలి. పాడె సరుగుడు తోపు వెనకకు మళ్లేదాకా ఆయన అట్లాగే నిలబడ్డారు.

సాయంత్రం నాయన బూరను చింతపండు వేసి తోమాడు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పెట్టెలో పెట్టి తనే తీసుకెళ్లి గుడి బీరువాలో పెట్టొచ్చాడు. అమ్మ గంజి కాచి చల్లార్చి పెట్టింది. అదీ మింగలేకపోయాడు.

బల్ల ఆదివారం వచ్చింది. రొట్టె పళ్లెం వరసలో చేతులు మారుతూ నాయన దగ్గరికొచ్చింది. ఆయన తీసుకోకుండా పక్కవాడికందించాడు. ఆడవాళ్ల వైపు పళ్లెం వచ్చినప్పుడు మా అమ్మ కూడా తీసుకోలేదు. ఇంటికొచ్చాక నాయన కోప్పడ్డాడు. "నీకేం వచ్చింది? నువ్వెందుకు వదులుకుంటివి?"

"నువ్వు పస్తుంటే నేనెప్పుడన్నా తిన్నానా?" అంది అమ్మ.

ఎవరో అయ్యగారిది అన్యాయమని పాళెంలో మాట లేపారు. నాయన వాళ్లను మిషను దగ్గరికి రానివ్వలేదు. "ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. నా మాట నేను. దీంట్లో కొట్టుకునేదేముంది?" అన్నాడు.

*

అట్లా ఏళ్లు గడిచాయి. ఆ అయ్యగారికి వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్లిపోయేముందు మా ఇంటికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అమ్మ మజ్జిగ ఇచ్చింది.

"అన్నా, ఆ రోజు మీరూదింది మన పాటే కదూ?"

"మనదే అయ్యగారూ. ఆమె అదే అడిగేది. పెళ్లిళ్లలో కూడా ఆమె కిటికీ కింద అదే."

ఆయన మజ్జిగ తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "ముందే చెప్పి ఉండాల్సింది."

"చెప్పుంటే బల్ల ఉంచుదురా?"

ఆయన అబద్ధం చెప్పగలిగిన మనిషి కాదు. "ఏమో అన్నా. ఉంచేవాణ్ణి కాదేమో," అన్నారు. తర్వాత నాయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. ఆయన బస్సెక్కుతుంటే నాయన సామాను మోసిపెట్టాడు.

తర్వాత వచ్చిన అయ్యగారు నాయనకూ అమ్మకూ బల్ల ఇచ్చారు. అప్పటికి నాకు పెళ్లయిపోయింది. నెల్లూర్లో కాపురం. మొదటి బిడ్డనెత్తుకుని క్రిస్మస్‌కు పుట్టింటికి వెళ్లాను. ఆరాధన మధ్యలో కొత్త అయ్యగారు బీరువా తీసి, పెట్టె తెచ్చి, అందరి ముందూ నాయన చేతిలో పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. నాయన లేచి నిలబడ్డాడు. అప్పటికే ముందుపళ్లు ఊడిపోయాయి. ఆ సంగతి కొత్త అయ్యగారికి తట్టలేదు, మాకెవ్వరికీ తట్టలేదు. నాయనకు తెలుసు. అయినా కాదనలేదు. బూరెత్తి, పెదవులు తడిచేసుకుని, నిండా ఊపిరి పీల్చి ఊదాడు.

గాలి వచ్చింది. ఇంకోసారి ఊదినా గాలే. పిల్లలెవరో కిసుక్కుమన్నారు. నాయన బూరను మెల్లగా పెట్టెలో పెట్టి మూత వేసి, తనే పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ బాగుండేది కాదు. మా అమ్మ అందుకుంది, ఆమె వెనక అందరూ అందుకున్నారు.

ఇంటికొస్తూ నా బిడ్డను తను ఎత్తుకున్నాడు. గట్టు మీద నడుస్తున్నాం. నాకు ఏడుపొస్తోందని ఆయనకు తెలిసినట్టుంది.

"ఊపిరుండాది మే," అన్నాడు నావైపు చూడకుండా. "దాన్ని నిలబెట్టే పళ్లే లేవు."

నాయన ఆ తర్వాత చాలాకాలం బతికాడు. చూపు ఆనినంతకాలం మిషను తొక్కాడు. బూర గురించి ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే. దాన్ని కష్టంగా అన్నాడా, ఊరికే ఉన్న సంగతి చెప్పాడా అని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ వయసు నేనూ దాటిపోయాను. మెట్లు రెండెక్కితే ఆయాసం. ఇప్పుడనిపిస్తుంది, అది కష్టమూ కాదు, మరొకటీ కాదు. ఎండలో చాలాదూరం నడిచొచ్చిన మనిషి, ఇల్లు కనబడగానే, ఇంక నడవక్కర్లేదని చెప్పినట్టు చెప్పాడు, అంతే.